ఆకుపచ్చ చుక్క

కరెంటు ఎత్తుపల్లాలు చూపించే స్కోపు తెర మీద గీత పైకి లేస్తోంది. పెద్దల్లుడు ఊపిరి బిగబట్టి, చిప్పు అతికిన కార్డు మీది బుల్లి స్క్రూను వెంట్రుకవాసి తిప్పాడు. గీత ఒక ఎత్తుకు చేరగానే చిప్పు మాట మార్చి 'ఒకటి' అంది. ఇప్పుడు గీతను మెల్లగా దించాడు. అదే ఎత్తుకు దిగినా చిప్పు ఉలకలేదు. ఇంకా దిగాక, బాగా దిగాక, అప్పుడు 'సున్నా' అంది. ఎక్కేటప్పుడు మాట మార్చిన చోటుకూ దిగేటప్పుడు మార్చిన చోటుకూ మధ్య దూరం చూసుకుని, సరిపోయిందని తలాడించాడు.

ఆ దూరాన్ని కాగితాల్లో హిస్టెరిసిస్ అని రాస్తారు. బల్ల దగ్గర మాత్రం అందరూ ఎడం అనేవారు. ఎక్కడో దూరాన ఉన్న యంత్రం తీగ వెంట పంపే కబురు వినడం ఆ చిప్పు పని. దారిలో మోటార్లూ వెల్డింగు మిషన్లూ తీగలోకి నానా రొదా జొప్పిస్తాయి. ఎడం మరీ తక్కువ పెడితే చిప్పు ప్రతి చప్పుడునూ కబురే అనుకుని గంగవెర్రులెత్తుతుంది. మరీ ఎక్కువ పెడితే అసలు కబురు వచ్చి తలుపు బాదినా చీమ కుట్టినట్టయినా ఉండదు. ఏ తీగకు ఎంత ఎడం కావాలో చూసి పెట్టడమే ఆ బల్ల మీద పని. పెద్దల్లుడి జుట్టు ఆ పనిలోనే నెరిసింది.

స్క్రూ కదలకుండా దాని నెత్తిన గోళ్ళరంగు చుక్క పెట్టాలి. పెద్దల్లుడిది ఎరుపు. మీసాలున్న మగాడు గోళ్ళరంగు కొనడమేమిటని దుకాణంలో అమ్మాయి మొదట్లో కిసుక్కున నవ్వేది. ఇప్పుడు అడక్కుండానే ఎర్రసీసా తీసి ఇస్తోంది. అతను కుంచెను సీసా మూతికి రాసి, ఎక్కువైన రంగు వదిలించి, ఒక్కసారి తాకించి తీశాడు. ఆవగింజంత చుక్క. కంపాసు పెట్టి గీసినంత గుండ్రంగా ఉంది. భారీ మనిషి, మెడదాకా బొత్తాలు పెట్టుకునే మనిషి, ఆ లావుపాటి వేళ్ళతో అంత చిన్న చుక్క అంత నున్నగా ఎలా పెడతాడో చూడడానికి కొత్తగా చేరినవాళ్ళు బల్ల దగ్గరికి వచ్చి నిలబడేవారు.

మరి అంతటి చెయ్యి ఉన్నవాడికి కడుపులో మంట ఎందుకంటే, పక్క కుర్చీలో చిన్నల్లుడు ఉన్నాడు కాబట్టి.

ఆ బల్లను ఏళ్ళ తరబడి ఏలినవాడు మామగారు. తన దగ్గర పని నేర్చుకున్న కుర్రవాళ్ళలో ఇద్దరిని ఏరి ఇద్దరు కూతుళ్ళనూ ఇచ్చాడు. అప్పటినుంచీ కార్ఖానాలో ఒకడు పెద్దల్లుడు, ఇంకొకడు చిన్నల్లుడు. గేటు దగ్గర కాపలావాడి నుంచి సూపర్‌వైజరమ్మ దాకా అందరికీ అవే పిలుపులు. చిన్నల్లుడు సన్నగా, నెమ్మదిగా ఉంటాడు. పనిచేస్తున్నంతసేపూ మణికట్టును బల్ల అంచుకు గట్టిగా ఆనించి పెట్టుకుంటాడు. పెద్దల్లుడి కళ్ళకు అదొక టెక్కు. ఆకుపచ్చ రంగుతో అతను పెట్టే చుక్కలు స్క్రూ మీద నుంచి పక్కకు కారి, తోకలు తీసి ఉంటాయి. పెద్దల్లుడి కళ్ళకు అది నిర్లక్ష్యం. అయినా ఆ కార్డులు తిరిగి రావు. అదే మింగుడుపడేది కాదు.

అన్నిటికన్నా పెద్ద ముల్లు స్క్రూడ్రైవరు. మామగారు స్వయంగా చేసుకున్నది. ఇనుము తాకితే చిప్పు బెదురుతుందని ఎముక అరగదీసి ములుకు చేశాడు, దానికి లావుపాటి కొమ్ముపిడి తొడిగాడు. పదవీ విరమణ రోజున, కార్ఖానా అంతా చుట్టూ నిలబడి ఉండగా, దాన్ని తీసి చిన్నల్లుడి చేతిలో పెట్టాడు. పెద్దల్లుడి భుజం తట్టాడు. అంతే, ఉత్త తట్టడం. దాని మీద మామగారి షరతు ఒకటి: స్క్రూడ్రైవరు బల్ల దాటి వెళ్ళకూడదు. అంటే ప్రతిరోజూ, పొద్దున్నుంచి సాయంత్రం దాకా, అది పెద్దల్లుడి కళ్ళెదుటే చిన్నల్లుడి చేతిలో ఉంటుంది. నాకెందుకివ్వలేదు మామయ్యా అని ఒక్కసారి అడిగి ఉంటే సరిపోయేది. అడగందే అమ్మైనా పెట్టదు. కానీ అడగడానికి అభిమానం అడ్డొచ్చింది, ఊరుకోవడానికి మనసొప్పలేదు.

అత్తగారు పోయాక మామగారు చిన్నకూతురి ఇంట్లో చేరాడు. మోకాళ్ళు సహకరించని మనిషికి మేడమెట్లు కష్టమని, పెద్దల్లుడి వాటా మేడమీదని అందరికీ తెలుసు. పెద్దల్లుడికీ తెలుసు. తెలిసి ఏం లాభం? సందు మలుపులో ఆ ఇల్లు దాటిన ప్రతిసారీ అతని కళ్ళలో ఎవరో నిప్పులు పోసినట్టే ఉండేది.

"మా నాన్న మనింట్లో ఉంటే మీరే విసుక్కుందురు," అని భార్య ఒకసారి అంది.

"నేను విసుక్కుంటానని మీ నాన్నే చెప్పాడా?" అని అతను కంచం ముందునుంచి లేచిపోయాడు.

కిందటి ఆదివారం పళ్ళు తీసుకుని మామగారిని చూడబోయాడు. గుమ్మంలోంచి పలకరించగానే మామగారు లోపల్నుంచి, "చిన్నాడూ, రేడియో తగ్గించు, పెద్దాడొచ్చాడు," అన్నాడు. అంతే మాట. కానీ పెద్దల్లుడి చెవికి అది, పరాయివాడొచ్చాడు, సర్దుకో అన్నట్టు వినబడింది. పళ్ళు బల్ల మీద పెట్టి, కూర్చోకుండానే వచ్చేశాడు. రాత్రంతా ఆ మాటను నమిలాడు.

మర్నాడు మధ్యాహ్నం చిన్నల్లుడు మామగారికి మందు ఇవ్వడానికి ఇంటికి వెళ్ళాడు. అతని ట్రేలో ఊరవతలి పంపుహౌసు కార్డు, చుక్క కూడా ఆరి, పంపడానికి సిద్ధంగా ఉంది. పెద్దల్లుడు అటూ ఇటూ చూశాడు. ఆకుపచ్చ చుక్కను గీకేశాడు. స్క్రూను వెనక్కి తిప్పి ఎడం మూసేశాడు. చిన్నల్లుడి సీసాలోంచే రంగు తీసి మళ్ళీ చుక్క పెట్టాడు. ఇదంతా తుమ్మి చీదినంతసేపు పట్టలేదు. ఆ తర్వాత మాత్రం వారమంతా తేలు కుట్టిన దొంగలా ఉన్నాడు.

ఇవాళ ఫలితం వచ్చింది. సూపర్‌వైజరమ్మ కార్డును గుడ్డలో చుట్టి తెచ్చి బల్ల మీద పెట్టింది.

"పంపుహౌసువాళ్ళు గోలెడుతున్నారు. పక్క మోటారు వేస్తే చాలు, ఇది పంపు దానంతటదే ఆన్ చేస్తోందిట, ఆపేస్తోందిట. నీళ్ళు పొంగి రోడ్డెక్కాయి. ఎవరు పెట్టారిది?"

ఆవిడ చిన్నల్లుణ్ణే చూస్తోంది. అయినా పెద్దల్లుడు చెయ్యి పైకెత్తి భుజం దులుపుకున్నాడు. ఎందుకు దులుపుకున్నాడో అతనికే తెలియలేదు.

చిన్నల్లుడు కార్డును భూతద్దం కిందికి జరిపాడు. చుక్కను చూశాడు. చాలాసేపు చూశాడు. చిన్నల్లుడు తల ఎత్తి అతనివైపు ఒక్కసారి చూసి, మళ్ళీ సూపర్‌వైజరమ్మవైపు తిరిగాడు.

"ఆకుపచ్చ నాదేగదండీ. నాదే పొరపాటు. నేనే వెళ్ళి, మోటార్లు తిరుగుతుండగా అక్కడే సరిచేసి వస్తాను."

"ఇన్నేళ్ళలో నీ కార్డు తిరిగి రావడం ఇదే మొదలు," అంది ఆవిడ. తిట్టలేదు, కానీ ఆ మాట తిట్టుకన్నా గట్టిగా తగిలే రకం. బల్లల మీది తలలన్నీ ఇటు తిరిగాయి.

పెద్దల్లుడు తన కార్డు మీదికి వంగిపోయాడు. సంతోషం రావాలి. వచ్చింది కూడా, కానీ చల్లారిన కాఫీలాగా వచ్చింది.

చిన్నల్లుడు సంచీ సర్దుకుని, స్క్రూడ్రైవరును తుడిచి దాని గూట్లో పెట్టాడు. మామగారి షరతు అతను ఏనాడూ తప్పలేదు. వెళ్తూ వెళ్తూ ఆగాడు.

"అన్నయ్యా, మధ్యాహ్నం మామయ్యకి మందియ్యాలి. మా ఆవిడకి బళ్ళో పరీక్షల డ్యూటీ. మీరొకసారి వెళ్తారా?"

"వెళ్తాలే," అన్నాడు పెద్దల్లుడు తల ఎత్తకుండా.

చిన్నల్లుడెక్కిన వాన్ గేటు దాటిన చప్పుడు విన్నాక గూట్లో చెయ్యి పెట్టి స్క్రూడ్రైవరు తీశాడు. ఎన్నేళ్ళ తర్వాతో మొదటిసారి. బరువుగా ఉంది, మోటుగా ఉంది. పిడి మీద బొటనవేలు పడి పడి అరిగిన గుంట ఉంది. తన బొటనవేలు అందులో ఇమడలేదు. ఒక కార్డు మీద తిప్పి చూశాడు. తన అలవాటు స్క్రూడ్రైవరుతో క్షణంలో అయ్యే పని దీనితో అవస్థగా ఉంది. దీనికోసమా ఇన్నేళ్ళు కుమిలిపోయింది? అనిపించింది. అయినా భోజనాల వేళ కాగానే దాన్ని చొక్కా జేబులో వేసుకున్నాడు. మామగారి ఎదురుగా కూర్చుని దీన్ని చేతిలో పట్టుకోవాలి. ఆయన చూడాలి. ఏమంటాడో వినాలి. ఆ ఒక్క కోరికతో గబగబా సందు మలుపుదాకా నడిచాడు.

పక్కింటావిడ గుమ్మంలో బట్టలు మడతపెడుతూ, "పొద్దుట్నించీ ఒకటే నిద్ర," అంది.

గదిలో కిటికీ పక్కన మంచం. దుప్పటి మీద ఎండ పలకలా పడింది. స్టూలు మీద మంచినీళ్ళ గ్లాసు, మందు సీసా, సన్నగా గొణుగుతున్న రేడియో. మామగారు సగానికి సగం అయిపోయాడు. ఒకప్పుడు కార్డు మీద వెంట్రుకను కనిపెట్టిన కళ్ళు ఇప్పుడు పొర కమ్మి, మనిషి ఆకారం తప్ప పోల్చలేకుండా ఉన్నాయి. పెద్దల్లుడు మెల్లగా తట్టి లేపి మందు పట్టాడు, మూతి తుడిచాడు. మంచం అంచున కూర్చుని, జేబులోంచి స్క్రూడ్రైవరు తీసి ఆయన అరచేతిలో పెట్టాడు. చూడనైనా లేడు, కనీసం తడిమి తెలుసుకోనీ అనుకున్నాడు.

ముసలివేళ్ళు పిడిని తడిమాయి. బొటనవేలు గుంటలోకి దానంతటదే వెళ్ళి కూర్చుంది.

"ఏమయ్యా చిన్నాడూ," అన్నాడు మామగారు. "దీన్ని బల్ల దాటించొద్దని చెప్పానా లేదా?"

నేను చిన్నాణ్ణి కాదు అనబోయాడు పెద్దల్లుడు.

"పెద్దాడు చూశాడంటే మళ్ళీ మొహం ముడుచుకుంటాడు."

పెద్దల్లుడు వినడానికి ముందుకు వంగాడు.

"నీకిచ్చిన రోజున వాడి మొహం చూశావా? నా కళ్ళకి ఇంకేదీ సరిగ్గా ఆనడంలేదు గానీ అది మాత్రం కనిపిస్తూనే ఉంటుంది." ఆయన కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "ఏమని చెప్పనయ్యా? నా చెయ్యి వణకడం మొదలయ్యాక చేసుకున్నానిది. పిడి లావుగా, బరువుగా ఉంటే చెయ్యి నిలుస్తుందని. నీకూ వణుకుందని నువ్వు నాకొక్కడికే చెప్పుకున్నావు. పదిమందిలో అంటే నిన్ను ఆ బల్ల దగ్గర ఉండనిస్తారా? అందుకని నోరు కుట్టేసుకున్నాను."

పెద్దల్లుడికి బల్ల అంచుకు ఆనించిన మణికట్టు కళ్ళముందు మెదిలింది. తోకలు తీసిన చుక్కలు మెదిలాయి.

"వాడికి ఇదెందుకసలు? అగ్గిపుల్ల ఇచ్చినా ఎడం పెట్టేస్తాడు పెద్దాడు. నా చేతికింద ఎంతమంది వచ్చారు, ఎంతమంది వెళ్ళారు! అలాంటి చెయ్యి ఇంకోటి రాలేదు. నాదీ కాదు అలాంటి చెయ్యి. ఈ మాట వాడితో అనలేదు నేను. అనక్కర్లేదనుకున్నాను, తెలిసే ఉంటుందనుకున్నాను."

ఈ మాట కోసం అతను సగం జీవితం ఎదురుచూశాడు. తీరా వచ్చింది ఇంకొకడి పేరుమీద. ఇప్పుడు నేనే మామయ్యా అంటే ఆయన ఆగిపోతాడేమో, సిగ్గుపడతాడేమో. ఇంకొక్క మాట వినాలి. ఇంకొక్కటి విన్నాక చెప్పొచ్చు. ఆ ఆశతో కదలకుండా కూర్చున్నాడు.

"ఒకటే వాడితో వచ్చిన చిక్కు," అన్నాడు మామగారు. నవ్వబోతే దగ్గొచ్చింది. "కార్డులకి అంత చక్కగా ఎడం పెడతాడా, తనకి మాత్రం బొత్తిగా పెట్టుకోడు. పక్కింట్లో ఎవరైనా దగ్గినా తన్నే అన్నారనుకుంటాడు."

పెద్దల్లుడు గ్లాసు అందించాడు. ఆయన ఒక గుక్క తాగి, తల దిండు మీద వాల్చాడు.

"ఇవాళ పెద్దాడు వస్తాడా?"

పెద్దల్లుడు గ్లాసు స్టూలు మీద పెట్టాడు. చిన్నల్లుడు మాట్లాడినట్టే నెమ్మదిగా అన్నాడు. "వస్తాడు మామయ్యా."

"వస్తే లేపు. పడుకున్నాను కదా అని వెళ్ళిపోనియ్యకు. మొన్న కూర్చోకుండానే వెళ్ళిపోయాడు. ఈసారి చెప్పేస్తాను."

"అలాగే."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. పెద్దల్లుడు అలాగే కూర్చుని ఉన్నాడు. వారం కింద తను పెట్టిన చుక్క గుర్తొచ్చింది. ఆకుపచ్చ రంగు, ఆవగింజంత, గుండ్రంగా. చిన్నల్లుడు పుట్టి బుద్ధెరిగాక అలాంటి చుక్క పెట్టలేదు, పెట్టలేడు. భూతద్దం కింద అతను అంతసేపు చూసింది అదే. దొంగతనం చేస్తూ కూడా పని శుభ్రంగా చేసి పట్టుబడ్డ దొంగ ఇంకెక్కడైనా ఉంటాడా? సిగ్గుతో ఒళ్ళంతా చచ్చిపోయినట్టయింది. ఈపాటికి ఆ వణికే చేత్తో, ఈ పిడి లేకుండా, మోటార్ల రొదలో అతను స్క్రూ వెతుక్కుంటూ ఉంటాడు.

లేవగానే చెప్పాలి అనుకున్నాడు. నేనే వచ్చాను మామయ్యా, పెద్దాణ్ణి అనాలి. చేసిందీ చెప్పాలి. తిడితే తిట్టించుకోవాలి.

ఎండపలక దుప్పటి మీద నుంచి నేలమీదికి జారింది. రేడియోలో ఎవరో వాతావరణం చదివి వెళ్ళిపోయారు. ఎప్పుడు ఆగిందో తెలియదు, కాసేపటికి పెద్దల్లుడు గమనించేసరికి దుప్పటి లేవడం, దిగడం ఆగిపోయి ఉంది. ముందు నమ్మలేదు. ముక్కు దగ్గర వేలు పెట్టాడు. ఆ వేలు, జీవితంలో ఏనాడూ వణకని వేలు, గడగడలాడింది.

"నేనే మామయ్యా," అన్నాడు. "పెద్దాణ్ణి. వచ్చాను."

పక్కింటావిడ వచ్చింది, డాక్టరు వచ్చి వెళ్ళాడు, కూతుళ్ళిద్దరూ పరిగెత్తుకుంటూ వచ్చారు. ఇల్లంతా ఏడుపు నిండింది. పెద్దల్లుడు గోడ దగ్గర నిలబడ్డవాడు నిలబడ్డట్టే ఉన్నాడు. పొద్దువాలుతుండగా చిన్నల్లుడు వచ్చాడు. చొక్కా నిండా గ్రీజు. చెప్పులు విడవడం కూడా మరిచిపోయి మంచం దగ్గరికి వెళ్ళి మామగారి పాదాలు పట్టుకుని చాలాసేపు ఏడ్చాడు. తర్వాత పెరట్లో కుళాయి దగ్గర మొహం కడుక్కుంటుంటే పెద్దల్లుడు వెనకాలే వెళ్ళి నిలబడ్డాడు.

"మందు వేళ దాటగానే వచ్చేస్తాననుకున్నానన్నయ్యా," అన్నాడు చిన్నల్లుడు. "స్క్రూ ఎంతకీ దొరకబుచ్చుకోలేకపోయాను. లేకపోతే అందుకునేవాణ్ణి." చేతులు తుడుచుకోకుండానే అడిగాడు. "ఏమైనా అన్నారా? నన్నడిగారా?"

పెద్దల్లుడి దగ్గర ఉన్నది ఆ మధ్యాహ్నం ఒక్కటే. ఇంకెవరికీ చెప్పకుండా దాచుకోవచ్చు.

"నీతోనే మాట్లాడారు," అన్నాడు. "చివరిదాకా నీతోనే. స్క్రూడ్రైవరు నేను జేబులో వేసుకెళ్ళాను. దాన్ని తడిమి నువ్వే అనుకున్నారు. నేను కాదనలేదు."

చిన్నల్లుడు తల దించుకుని తన చేతులవైపు చూసుకున్నాడు. కుళాయి ఇంకా కారుతూనే ఉంది. ఆ మసక వెలుతురులో కూడా వేళ్ళు సన్నగా కదలడం తెలుస్తోంది.

"అయితే వణుకు సంగతి తెలిసిపోయిందన్నమాట."

"తెలిసింది. ఆ చుక్క…" పెద్దల్లుడు కారుతున్న నీళ్ళవైపు చూశాడు. "ఆ చుక్క నేనే పెట్టాను."

"పొద్దున్నే చూశానన్నయ్యా. అంత గుండ్రటి చుక్క ఈ కార్ఖానాలో ఇంకెవరు పెడతారు?"

"మరి నాది కాదనచ్చుగా?"

"కాదంటే ఎలా కాదో చెప్పాలిగా. నా చేతికి అలా రాదని చెప్పాలి. ఎందుకు రాదని అడుగుతారు."

పెద్దల్లుడు గోడకు చేరగిలబడ్డాడు. ఆ ఒక్క చుక్క వల్ల ఈ మనిషి కడసారి చూపుకు దూరమయ్యాడు. దానికి క్షమించమనడం కూడా చిన్నమాటగా తోచి ఊరుకున్నాడు. చిన్నల్లుడు కుళాయి కట్టేసి, అతని పక్కనే గోడకు ఆనుకున్నాడు. తిట్టలేదు, పర్వాలేదనీ అనలేదు. ఇద్దరూ చీకటి పడేదాకా అలాగే నిలబడ్డారు.

మామగారిని మంచం మీంచి వసారాలోకి దించే వేళయింది. మూసుకున్న గుప్పిట్లోంచి పెద్దల్లుడే మెల్లగా వేళ్ళు విప్పి స్క్రూడ్రైవరు తీశాడు. చిన్నల్లుడు దానివైపు చూసి, "మీరుంచుకోండన్నయ్యా. మీకు కావాలిగా," అన్నాడు. ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు.

"నాకెందుకయ్యా," అన్నాడు పెద్దల్లుడు. "నాకు అగ్గిపుల్ల చాలట."

అని, నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ ఒకేసారి చేశాడు. ఇంట్లో ఆడవాళ్ళు తలుపు దగ్గరికి వచ్చి చూశారు. చిన్నల్లుడికి ఆ మాట అర్థం కాలేదు. తర్వాత చెప్పాలి, అంతా చెప్పాలి అనుకుంటూ పెద్దల్లుడు దాన్ని దుప్పటి మీద వదిలి మామగారి భుజాల కింద చేతులు వేశాడు, చిన్నల్లుడు కాళ్ళు పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి ఆయన్ను ఎత్తారు.

రేపో ఎల్లుండో అది మళ్ళీ బల్ల మీది గూటికి చేరాలి. ప్రస్తుతానికి మాత్రం ఖాళీ అయిన మంచం మీద, దుప్పటి మడతలో, బొటనవేలి గుంట పైకి తిరిగి కొమ్ముపిడి స్క్రూడ్రైవరు పడి ఉంది.